సగం నిండిన లాకు

బుధవారం ఉదయం పది గంటలకు ఉమామహేశ్వరరావు గారు మా లాకు దగ్గర దోనె దిగారు. పదకొండింటికి నాన్నని లాంచీలో బందరు తీసుకెళ్ళి పోలీసులకు అప్పగించబోతున్నారు. ఉమామహేశ్వరరావు గారికి మిగిలింది ఒక్క గంట.

ఆ మాట ఆయనకు చెప్పింది కాలవల ఓవర్సియరు కాంతారావు. మా ఇంటి కిటికీకి నాలుగడుగుల దూరంలో, లాకు గట్టు మీద కుర్చీ వేసుకుని చెప్పాడు. నేను కిటికీ చాటున నిలబడి విన్నాను.

మాది పదహారో మైలు లాకు. గుడివాడ వైపు నుంచి వచ్చే మంచినీళ్ళ కాలవ ఇక్కడితో ఆఖరు. పై తలుపులు తెరిస్తే పడవ రెండు జతల తలుపుల మధ్య ఉన్న తొట్టిలోకి వస్తుంది. ఆ తలుపులు మూసి, కింది తూము ఎత్తి నీళ్ళు వదిలితే పడవ దిగుతుంది. అప్పుడు కింది తలుపులు తెరుస్తారు. అవి దాటితే బందరు దాకా సముద్రం పోటు ఎక్కే ఉప్పునీళ్ళే. నాన్న వెంకటసుబ్రహ్మణ్యం పదకొండేళ్ళుగా ఇక్కడ లాకు గుమస్తా.

నిన్న, మంగళవారం తెల్లవారి ఆరింటికి, పై తలుపులకు ఆనుకుని గోవర్ధనరావు గారి శవం తేలింది. కాస్త ఎగువన ఆయన దోనె బోర్లా పడి ఉంది. ఆయనది మొవ్వ దగ్గర పెద్ద వ్యవసాయం. ఏడాదిగా విహార పడవ ఒకటి నడపాలని తిరుగుతున్నారు. బందరులో ఎక్కి, మా లాకు మీదుగా గుడివాడ, అక్కణ్ణుంచి కొల్లేరు చేరి పక్షుల్ని చూడటం, తిరుగుదారిలో దివిసీమకు దిగి హంసలదీవిలో సంగమ స్నానం చేయడం. ఆ దారంతా గడకర్రతో కొలిచి, ఏ చోట ఎంత లోతో పటం మీద రాసుకునేవారు. పటాన్ని చుట్టి ఒక రేకు గొట్టంలో పెట్టుకునేవారు. ఆ గొట్టం కనబడటం లేదు.

ఆయన పోయారన్నా, నాన్నని పట్టుకున్నారన్నా నాకు ఏడుపు రాలేదు. కిటికీ కమ్మీ మీద చీమలు వరసగా పోతుంటే వాటినే చూస్తున్నాను.

"గుడివాడ కోర్టులో రీడరుగా చేసి దిగిపోయారట. ఇప్పుడు శవాల్ని చదువుతున్నారా?" అన్నాడు కాంతారావు.

"కాగితాల కంటే శవాలే నయమండీ. ఎవరు ఎలా రాయమంటే అలా మారవు." ఉమామహేశ్వరరావు గారు జేబులోంచి లవంగం తీసి బుగ్గన పెట్టుకున్నారు. సన్నగా, వంగిన మనిషి. "ఇందిరాదేవి గారు పంపారు నన్ను. గోవర్ధనరావు గారి భార్య. గుమస్తాతో మాట్లాడాలి."

"ఆయన లాంచీలో ఉన్నాడు. నిన్న చెప్పాల్సింది చెప్పేశాడు. మళ్ళీ కదిలించకండి."

"ఏం చెప్పారు?"

కాంతారావు లాకు రిజిస్టరు తెరిచి, వేలు పెట్టి చదివాడు. "మంగళవారం తెల్లవారుజామున నాలుగూ నలభై. గోవర్ధనరావు గారి దోనె ఎగువ నుంచి వచ్చింది. వేళ కానందున లాకు తెరవలేదు. ఇదీ ఆయన రాత. చచ్చిపోయినాయన జేబు గడియారం కూడా సరిగ్గా నాలుగూ నలభైకే ఆగింది. ఆరింటికి ముందు లాకు తెరవకూడదని రూలు. తెరవమని ఆయన, కుదరదని ఈయన. మాటామాటా పెరిగింది. శవం తల మీద దెబ్బుంది. తూము తిప్పే ఇనప హ్యాండిలు గుమస్తా చేతిలోనే ఉంటుంది. ఇంకేం కావాలి?"

"రాత ఆయనదేనని ఎవరన్నారు?"

"ఆయనే. నిన్న పొద్దున్న ఎనిమిదింటికి పుస్తకం ముఖం ముందు పెట్టి అడిగాను. 'అవును, నా రాతే' అన్నాడు. ఏరా అంకమ్మరావూ?"

లస్కరు అంకమ్మరావు తలుపుల దగ్గర నిలబడి ఉన్నాడు. తలుపులు తోయడం, తూములు తిప్పడం అతని పని. "అన్నారండి," అన్నాడు తల ఎత్తకుండా.

అన్నారు. పెరట్లోంచి నేనూ విన్నాను. నాన్న ఆ మాట అన్నప్పటి నుంచే నాకు ఒళ్ళు తెలియడం లేదు.

"గడియారం ఇలా ఇస్తారా?" అన్నారు ఉమామహేశ్వరరావు గారు.

దాన్ని తీసుకుని పై తలుపుల దగ్గరికి నడిచారు. శవం ఎక్కడ ఆనిందో అంకమ్మరావుని అడిగి అక్కడ చతికిలబడ్డారు. దోసిట్లో కాలవ నీళ్ళు తీసుకుని తాగారు. తర్వాత గడియారం వెనక మూత గోటితో ఊడదీశారు. లోపలి చక్రాల మీద తెల్లగా ఏదో పూసి ఉంది. వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నారు.

"ఛీ! శవం మీది వస్తువండీ అది!"

"ఉప్పు," అన్నారాయన.

"చెమటయ్యుంటుంది."

"చెమట మూత కింద దూరి చక్రాల మీద పేరుకుంటుందా? అంత చెమట పట్టే మనిషి పొలం తడుపుకోవడానికి కాలవ దాకా రానక్కర్లేదు." ఆయన నవ్వలేదు. "ఇక్కడి నీళ్ళు చప్పగా ఉన్నాయండీ. ఈ గడియారం ఉప్పునీళ్ళలో ఆగింది. లాకు కింద."

"శవం తేలింది పైన. మెట్లెక్కి వచ్చిందా?"

"శవం ఎక్కదు. పడవ ఎక్కుతుంది. ఇంకోటి. నాలుగూ నలభై రోజుకి రెండుసార్లు వస్తుంది ఓవర్సియరు గారూ. సోమవారం సాయంత్రం కూడా వచ్చింది."

కాంతారావు రిజిస్టరు ఆయన మీదికి విసిరినట్టే ఇచ్చాడు. "చూసుకోండి. సోమవారం మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా కింది నుంచి పైకి ఒక్క పడవా రాలేదు. రాసి ఉంది."

"రాసి ఉంది," అన్నారాయన పేజీ చూస్తూ. "అంకమ్మరావూ, సోమవారం సాయంత్రం నువ్వు ఇక్కడ లేవా?"

"గుడివాడలోనండి. కాయితం ఇచ్చి రమ్మంటే ఎల్లాను. మంగళవారం పొద్దున్నే వచ్చానండి."

"ఎవరు రమ్మన్నారు?"

అంకమ్మరావు కాంతారావు వైపు చూశాడు.

"నేనే పంపాను. ఆఫీసు పని," అన్నాడు కాంతారావు.

"కాయితం ఇచ్చావా?"

"ఇవ్వాల్సినాయన ఊళ్ళోనే లేరండి. వారమైందంట."

"అయ్యో, కాళ్ళనొప్పులే మిగిలాయన్నమాట." ఆయన కాంతారావు వైపు తిరిగారు. "మీ లాంచీ డ్రైవరు కనబడడేం?"

"ఆదివారం నుంచి జ్వరం. నేనే నడుపుకుంటున్నాను. అదీ నేరమేనా?"

"జ్వరం నేరం కాదండీ. ఈ రిజిస్టరు నిన్నటి నుంచి ఎవరి దగ్గరుంది?"

"శవం తేలిన దగ్గర్నుంచీ నా దగ్గరే. సాక్ష్యం కదా, వీధిలో పెడతానా?" కాంతారావు లేచి నిలబడ్డాడు. ముఖం కందిపోయింది. "చూడండి రావుగారూ, మీరు కోర్టులో జడ్జీ పక్కన కూర్చున్నారేమో గానీ జడ్జీ కారు. మీకు ముప్పావుగంట ఉంది. పుస్తకం ఈ గట్టు దాటకూడదు."

"దాటదు. దాహంగా ఉంది. గుమస్తా గారింట్లో మజ్జిగ దొరుకుతుందేమో అడుగుతాను."

ఆయన రిజిస్టరు చంకలో పెట్టుకుని మా గుమ్మం ముందు నిలబడ్డారు. నేను తలుపు వెనక్కి జరిగాను. మగవాళ్ళతో మాట్లాడటం నాకు అలవాటు లేదు. బళ్ళో కూడా పంతులుగారు పేరు పిలిస్తే నిలబడేదాన్ని గానీ గొంతు వచ్చేది కాదు.

"అమ్మాయీ, నీ పేరు?"

"హైమవతి."

"మజ్జిగ అక్కర్లేదు తల్లీ. మీ నాన్న ఆ పని చేశారా?"

"లేదండి."

"మరి నా రాతే అని ఎందుకన్నారు?"

ఆయన గుమ్మం బయట అరుగు మీద కూర్చుని, వెనక పేజీలు ఒక్కొక్కటే తిప్పారు. "ముచ్చటైన రాత. గుండ్రంగా. రెండేళ్ళ కిందటి దాకా వేరే రాత, గొలుసుకట్టు. తర్వాత నుంచి ఇది. మనిషి మారకుండా రాత మారిందేమా అని చూస్తున్నాను."

ఇది చెబితే నాన్న ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే నాన్నే పోతారు. నిన్నటి నుంచి నా తలలో ఈ రెండు మాటలే తిరుగుతున్నాయి.

"నాన్నకు కళ్ళు కనబడవండి," అన్నాను.

ఆయన పేజీ తిప్పడం ఆపారు.

"రెండేళ్ళయింది. వెలుతురు తెలుస్తుంది. మనిషి ఆకారం మసగ్గా తెలుస్తుంది. అక్షరం కనబడదు. ఈల ఒకటి వేస్తే పడవ కింది నుంచి వస్తోందని, రెండు వేస్తే పై నుంచి వస్తోందని. దాన్ని బట్టి తొట్టి సిద్ధం చేస్తారు. పడవ పేరు, వేళ నాకు చెబుతారు. నేను రాస్తాను. అంకమ్మరావుకి తెలుసు. ఎవరికీ చెప్పడు."

"అందుకని నిన్న పుస్తకం ముఖం ముందు పెడితే…"

"చదవలేనని చెప్పలేక, నా రాతే అన్నారు. నేను రాసిన పాత పేజీ ఏదో అనుకున్నారు."

"ఇది నువ్వు రాయలేదా?"

"లేదండి. ఆది, సోమ, మంగళ. ఆ మూడు రోజులు పేజీలు ఖాళీగా ఉండాలి. నాన్న అన్నీ మనసులో పెట్టుకుంటారు. నాలుగో రోజు నాకు చెబితే రాస్తాను."

"ఆ మూడు రోజులూ ఎందుకు రాయవు తల్లీ?"

తలుపు సందులోంచి పెరటి వైపు చెయ్యి చూపించాను. అక్కడ కంచె మీద నా చాప, దుప్పటి ఉతికి ఆరేసి ఉన్నాయి. కిందన విడిగా బోర్లించిన కంచం, చెంబు ఉన్నాయి. అమ్మ పోయిన నాలుగేళ్ళ నుంచీ ఆ మూడు రోజులు నాన్నే వండి, తడుముకుంటూ వచ్చి పెరటి మెట్టు మీద అన్నం పెట్టి వెళ్తారు. నేను ఇల్లు తొక్కను, పుస్తకం ముట్టను. ఈ పొద్దున్నే తలంటుకుని లోపలికి వచ్చాను.

ఆయన అటు చూశారు. వెంటనే చూపు దించుకున్నారు. రిజిస్టరు మూసి అట్ట మీద చెయ్యి వేశారు.

"ఇది రాసినవాడు మూడు ఖాళీ పేజీలు చూశాడు. గుమస్తా బద్ధకస్తుడనుకున్నాడు," అన్నారు నెమ్మదిగా. "నీ రాత చూసి దిద్దుకున్నాడు. మూడు రోజులూ తోచినట్టు నింపేసి, మధ్యలో తనకు కావాల్సింది పెట్టుకున్నాడు. ఇంట్లో ఆడపిల్ల ఉందనీ, ఆ పిల్లే రాస్తుందనీ వాడికి తట్టలేదు. కోర్టులో ఇది పైకి చెప్పాల్సొస్తుంది తల్లీ. అందరి ముందూ."

"చెబుతాను."

నా గొంతే. ఎవరో పక్కింటివాళ్ళు మాట్లాడినట్టు వినబడింది.

"సోమవారం ఏం జరిగింది?"

"నేను పెరట్లో పాకలో ఉన్నాను. మధ్యాహ్నం గోవర్ధనరావు గారు దోనెలో కిందికి దిగారు. నాన్నతో అంటుంటే విన్నాను. 'గుమస్తా గారూ, మీ లాకు కింద మూడు మైళ్ళు పూడిక తీశామని కాలవ ఆఫీసువాళ్ళు రాశారే, పోటు తగ్గాక గడకర్ర వేస్తే మోకాలి లోతు లేదు. ఇవాళ ఇంకోసారి కొలిచి, పటం పట్టుకెళ్ళి పైవాళ్ళకు చూపిస్తాను' అని. వెళ్తూ వెళ్తూ, కొల్లేరుకు మొదటి విహారం వేసినప్పుడు నన్ను కూడా తీసుకు రమ్మన్నారు. నేను ఈ లాకు దాటి ఎప్పుడూ పడవెక్కలేదండి."

"ఆయన కిందికి దిగినట్టు ఈ పేజీలో లేదు. సరే, తర్వాత?"

"దీపాలవేళ కింది నుంచి ఒక ఈల. లాంచీ ఇంజను చప్పుడు. అంకమ్మరావు లేడు కాబట్టి నాన్న ఒక్కరే తిప్పారు. లాంచీ వెనక కట్టిన ఖాళీ దోనె ఒకటి తొట్టి గోడకు టంగు టంగుమని తగులుతూ వచ్చింది. మనిషి ఉన్న దోనె అలా మోగదు. లాంచీలోంచి ఎవరూ మాట్లాడలేదు."

"పూడిక తీయించాల్సిన ఓవర్సియరు ఎవరు?"

నేను జవాబు చెప్పేలోపు కిటికీ అవతల చెప్పులు కిర్రుమన్నాయి. ఎవరో గోడ పక్క నుంచి త్వరత్వరగా వెళ్ళిపోయారు.

ఉమామహేశ్వరరావు గారు లేచారు. గట్టు మీద కుర్చీ ఖాళీగా ఉంది.

లాంచీ ఈల రెండుసార్లు మోగింది.

"ఇంకా పాతిక నిమిషాలుంది!" అని అరుస్తూ ఆయన పరుగెత్తారు. వయసు మళ్ళిన పరుగు. నేను గుమ్మంలో నిలబడ్డాను. లాంచీ అప్పటికే తొట్టిలోకి దూరింది. వెనక బల్ల మీద నాన్న ముఖం ఎండ వైపు పెట్టి కూర్చున్నారు. చుక్కాని దగ్గర కాంతారావు. మూడో మనిషి లేడు. అంకమ్మరావు పై తలుపులు మూసేశాడు. కింది తూము ఎత్తేశాడు. నీళ్ళు దిగుతున్నాయి. తొట్టి దిగడానికి పది నిమిషాలు. ఆ తర్వాత కింది తలుపులు. వాటి అవతల మూడు మైళ్ళు ఇల్లు లేదు, మనిషి లేడు, ఉప్పునీళ్ళూ మడచెట్లూ తప్ప. చూపు లేని మనిషి లాంచీలోంచి జారిపడ్డాడంటే నమ్మని వాళ్ళెవరు?

"అంకమ్మరావూ, ఆపు!" అన్నారు ఉమామహేశ్వరరావు గారు.

"వాడు గవర్నమెంటు నౌకరు. నీ మాట వింటాడా? తెరవరా!" అంది తొట్టిలోంచి కాంతారావు గొంతు.

అంకమ్మరావు ఇద్దరినీ చూశాడు. హ్యాండిలు ఇంకా అతని చేతిలోనే ఉంది.

నేను గుమ్మం దాటాను. గట్టు దాటాను. కింది తలుపుల మీద కాలు పెట్టి నడిచే చెక్క ఒకటి ఉంటుంది, మూరెడు వెడల్పు. దాని మీద నడిచి అంకమ్మరావు దగ్గర నిలబడ్డాను. పట్టపగలు మగవాళ్ళ ముందు నేను అలా నడవడం అదే మొదలు. సిగ్గు వేస్తుందనుకున్నాను. ఏమీ వేయలేదు.

"పాపగారూ…" అన్నాడతను.

"ఇలా ఇయ్యి."

ఇచ్చాడు. హ్యాండిలు బిగించి తూము దించాను. ఇరవై రెండు చుట్లు. నాన్నతో పాటు చాలాసార్లు తిప్పినవే. నీళ్ళ హోరు సన్నబడి ఆగిపోయింది. తర్వాత హ్యాండిలు ఊడదీసి అవతల ఉప్పుకాలవలోకి విసిరేశాను. పై తూముకూ కింది తూముకూ ఉన్నది అదొక్కటే. అది మునిగిన చోట రెండు బుడగలు వచ్చాయి.

"పిచ్చిపిల్లా! ఏం చేశావు!" కాంతారావు కేకేశాడు.

లాకు సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. తొట్టిలో నీళ్ళు పై కాలవతో గానీ కింది కాలవతో గానీ సమం కాకుండా సగంలో ఆగితే, ఏ తలుపూ తెరుచుకోదు. పదిమంది తోసినా తెరుచుకోదు. లాంచీ ఇంకా చేరలేదేమని పోలీసుల పడవ బందరు నుంచి వచ్చేదాకా ఆ లాంచీ అక్కడే ఉంటుంది.

"శవాన్ని కిందే వదిలేస్తే అందరూ కింది కాలవ వెతుకుతారు, మీరు తీయని పూడిక బయటపడుతుంది. అందుకే పైకి మోసుకొచ్చారు. అంతేగా ఓవర్సియరు గారూ?" ఉమామహేశ్వరరావు గారు తొట్టి అంచున వంగి, రొప్పుతూ అన్నారు.

"సాక్ష్యం? గుడ్డివాడి చెవులా? బయటకు రాని ఆడపిల్ల మాటలా?" కాంతారావు నవ్వాడు. "ఆ పటం చూపించండి, అప్పుడు మాట్లాడదాం."

"హైమా," అన్నారు నాన్న.

నేను తొట్టిలోకి వంగి చూశాను.

"హైమా, నువ్వేనా తూము దించింది? చుట్లు లెక్కపెట్టాను, సరిగ్గానే ఉన్నాయి." నాన్న గొంతు రోజూ వేళ చెప్పేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఆయన చెయ్యి బల్ల కింద తడుముతోంది. "ఇందాకటి నుంచి కాలికి ఏదో తగులుతోందమ్మా. తాళ్ళ కింద దోపి ఉంది. రేకుది. గొట్టంలా ఉంది. మూతికి బిరడా."

ఆయన దాన్ని బయటికి లాగి ఒళ్ళో పెట్టుకున్నారు. గోవర్ధనరావు గారి భుజానికి వేలాడిన గొట్టమే అది. తోలుపట్టీ తెగి ఉంది.

కాంతారావు నవ్వు ఆగిపోయింది. అతను చుక్కాని వదిలేశాడు. వంగి అడుగున ఉన్న గడకర్ర తీసుకున్నాడు.

"గుమస్తా గారూ, అది ఇలా ఇవ్వండి."

"ఎవరిదండీ ఇది?" అడిగారు నాన్న. గొట్టాన్ని రెండు చేతులతో గుండెకు ఆనించుకున్నారు.

ఏ తలుపూ తెరుచుకోదు. లోపల ఉన్నది వాళ్ళిద్దరే. మూసింది నేనే.

తొట్టి గోడకు ఒక ఇనప నిచ్చెన ఉంది. నాన్న చూపు తగ్గిన మొదటి నెలలో నేనే ఆ మెట్లు లెక్కపెట్టి ఆయనకు చెప్పాను. పదకొండు. నీళ్ళు సగంలో ఉన్నాయి కాబట్టి ఇప్పుడు ఆరు పైకి తేలి ఉంటాయి.

పరికిణీ కుచ్చిళ్ళు ఎత్తి దోపుకున్నాను. మొదటి మెట్టు మీద కాలు పెట్టాను.